పద్దెనిమిది నెలలు, ఒక కుట్టు టేపు

బరువు చూసే మిషన్‌ని అటకెక్కించి ఏడాది దాటింది. పొట్ట తగ్గించుకోవాలనుకునే వాళ్ళెవరైనా అడిగితే నేను ముందు చెప్పేది టేపు గురించే. కుట్టు మిషన్ డ్రాలో ఉండే మామూలు గుడ్డ టేపు.

రెండు సిజేరియన్ల తర్వాత పొట్ట ఇంతేలే అనుకుని పదేళ్ళు ఊరుకున్నాను. స్కానింగ్‌లో ఫ్యాటీ లివర్ అని తేలాక గానీ కదల్లేదు. ఆ రోజు నడుము కొలిస్తే 96 సెంటీమీటర్లు. మన ఆడవాళ్ళకు 80, మగవాళ్ళకు 90 దాటితే జాగ్రత్తపడాలంటారు.

కీటో, కొర్రలు ఏవీ పెట్టుకోలేదు. మనం తినేదాంట్లో ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదని తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో ఉంది. మా కంచంలో ముప్పాతిక అన్నమే. రాత్రి అన్నం ఒక్క గరిటెకు తగ్గించి, పప్పు, కూర పెంచి, ఏడున్నరకల్లా తినేయడం మొదలుపెట్టాను. పొద్దున నలభై నిమిషాలు వేగంగా నడక, వారానికి మూడు రోజులు గుంజీళ్ళు.

ఏడు వారాల్లో తగ్గిన బరువు 400 గ్రాములు. ఏడుపొచ్చింది. మానేద్దామనే అనుకున్నాను. ఆ ఆదివారం జాకెట్టు కుట్లు విప్పుకుంటూ, పక్కనే ఉంది కదా అని టేపు నడుముకి చుట్టాను. 92! నమ్మలేక మళ్ళీ కొలిచాను. కింది పక్కటెముకకూ తుంటి ఎముకకూ సరిగ్గా మధ్యలో, ఊపిరి మామూలుగా వదిలాక, టేపు ఒంట్లో దిగకుండా. మూడుసార్లూ 92. కొవ్వు కరుగుతూ పక్కనే కండ పెరుగుతుంటే బరువు మిషన్‌కి తేడా తెలియదని ఆ రోజే అర్థమైంది. ఆ నాలుగు సెంటీమీటర్లు చూడకపోతే నేను కచ్చితంగా వదిలేసేదాన్ని.

అయితే గుడ్డ టేపు వాడగా వాడగా సాగుతుంది. పదకొండో నెలలో 83 చూపిస్తే సంబరపడి ఇంట్లో అందరికీ చెప్పాను. తర్వాత అనుమానమొచ్చి మా పాప జామెట్రీ స్కేలు పక్కన పరిచి చూస్తే, 90 గీత 91.5 దగ్గర ఉంది. అంటే నా నడుము ఇంకా 84 పైనే. మొదట రాసుకున్న 96 కూడా ఎంత నిజమో ఇప్పుడు చెప్పలేను. సాగని ఫైబర్‌గ్లాస్ టేపు కొన్నాను.

నడిస్తే చాలని అప్పట్లో చాలామందికి చెప్పాను. సంక్రాంతికి పుట్టింట్లో పది రోజులు ఒక్క పూట కూడా నడక మానలేదు, అరిసెలూ మానలేదు. తిరిగొచ్చి కొలిస్తే రెండు సెంటీమీటర్లు పెరిగింది. ఇప్పుడు తిండి సంగతి ముందు చెబుతున్నాను. మొదట్లో నేను నమ్ముకున్న క్రంచెస్‌తో (వెల్లకిలా పడుకుని పొట్ట బిగించి భుజాలు పైకి లేపే వ్యాయామం) లోపలి కండ గట్టిపడిందంతే, పైన కొవ్వు కదల్లేదు.

వంట నా చేతిలో ఉంది, మా అత్తయ్యగారు కూడా రాత్రి తొందరగా తినడానికి ఒప్పుకున్నారు, అందుకే నాకు సాగింది. నైట్ షిఫ్టుల్లో ఉండేవాళ్ళకు ఇది కుదరకపోవచ్చు. షుగర్ మందులు వాడేవాళ్ళు డాక్టర్ని అడగకుండా అన్నం తగ్గించకండి.

నాలుగు నెలలుగా 84 దగ్గరే ఆగాను. ఈ ఆదివారం 83.6. కొత్త టేపుని మళ్ళీ స్కేలు పక్కన పెట్టి చూశాను, గీతలు కలిశాయి.