జ్ఞాన్ పోస్ట్‌లో పుస్తకాలు పంపాలంటే ముందు కాటా కొనండి

పిల్లల కోసం కొనీ కొనీ, తోటి తల్లిదండ్రులకు చెప్పీ చెప్పీ, చివరికి ఇంట్లోంచే పుస్తకాలు అమ్మడం మొదలుపెట్టేవాళ్ళకు మొదట తగిలే దెబ్బ పంపే ఖర్చు. 80 రూపాయల బొమ్మల పుస్తకానికి కొరియర్ ఖర్చు కూడా దాదాపు అంతే అంటే ఎవరు కొంటారు? 2024 డిసెంబర్‌లో తపాలా శాఖ, పుస్తకాలను తక్కువ ఖర్చుతో పంపే రిజిస్టర్డ్ ప్రింటెడ్ బుక్స్ సేవను ఎత్తేసినప్పుడు చిన్న ప్రచురణకర్తలు బాధపడింది అందుకే. 2025 మే 1న అదే శాఖ పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ మొదలుపెట్టాక ఊపిరి ఆడింది. 300 గ్రాముల దాకా 20 రూపాయలు, అక్కణ్ణుంచి బరువును బట్టి పెరుగుతూ 5 కిలోలకు 100. పన్ను అదనం. ట్రాకింగ్ ఉంది. పుస్తకాలు పంపడానికి ఇది నిజంగా మంచి సేవ. అయితే దీని లాభమంతా తూకంలోనే ఉంది.

డెమీ సైజులో, అంటే మామూలు నవల సైజులో, 200 పేజీల పుస్తకం తీసుకోండి. 70 జీఎస్ఎం (చదరపు మీటరుకు 70 గ్రాములు తూగే) కాగితమైతే లోపలి పేజీలే 210 గ్రాములు, పుస్తకం పై అట్టతో కలిపి 230 దాకా వస్తుంది. అంటే ప్యాకింగ్‌కు మిగిలేది 70 గ్రాములు. ఏ4 సైజు మూడు పొరల కార్టన్ అట్ట ముక్క ఒక్కొక్కటి సుమారు 25 గ్రాములు తూగుతుంది. కిందొకటి, పైనొకటి పెట్టి, పల్చటి పాలిథిన్ కవరు, బ్రౌన్ పేపర్, టేపు వేసేసరికి 300 అంచుకు చేరిపోతాం. అట్టను పుస్తకం కంటే అన్ని వైపులా అర సెంటీమీటరు మాత్రమే ఎక్కువ ఉండేలా కత్తిరిస్తే ఒక్కో అట్టకు పది గ్రాముల దాకా మిగులుతాయి. అదే పుస్తకం 80 జీఎస్ఎం మీద అచ్చయితే 260 దగ్గరికి వస్తుంది, అప్పుడు రెండో అట్ట మానుకోవాలి. ఇంటి కాటాకూ పోస్టాఫీసు కాటాకూ కొద్దిగా తేడా ఉంటుంది. 290 దాటితే పై స్లాబు, అంటే తర్వాతి బరువు మెట్టు ధర, పడుతుందనే లెక్క వేసుకుని ధర చెప్పండి.

బొమ్మల పుస్తకాలతో ఇబ్బంది వేరు. పెద్ద సైజులో ఆర్ట్ పేపరు మీద అచ్చయిన 24 పేజీల పుస్తకం 125 గ్రాముల దాకా ఉంటుంది. రెండు పెడితే 250. కానీ ఇవి పల్చన, వెడల్పు. తపాలా సంచిలో ఏ బరువైన పార్సిలో మీద పడితే మూలలు మడత పడతాయి. పిల్లాడి పుట్టినరోజుకు కొన్న పుస్తకం మూల విరిగి వస్తే ఆ ఇంట్లోవాళ్ళు మళ్ళీ అడగరు. కాబట్టి ఇక్కడ మాత్రం గ్రాములకు ఆశపడకండి. రెండు అట్టలూ పెట్టి, పై స్లాబు డబ్బు కట్టేయండి.

వానాకాలంలో పాలిథిన్ కవరు తప్పనిసరి. దాన్ని పుస్తకానికి తొడిగి, నోరు మడిచి, చిన్న టేపు ముక్క అంటించాలి. ఆ తర్వాతే అట్టలు. అట్టల లోపల కవరు లేకుండా పైన మాత్రమే ప్లాస్టిక్ చుడితే, ఏ సందులోంచో దిగిన నీరు అట్టలోనే నిలిచి పుస్తకాన్ని ఉబ్బిస్తుంది. చిరునామాకు బాల్ పెన్నో చెరగని మార్కరో వాడండి. స్కెచ్ పెన్ను వద్దు, తడికి అక్షరాలు కారిపోతాయి.

అసలు లాభం 5 కిలోల పార్సిల్‌లో ఉంది. పైన చెప్పిన 230 గ్రాముల పుస్తకాలు 20 పెడితే 4.6 కిలోలు. 300 గ్రాముల పెట్టె కలిపితే 4.9. పుస్తకానికి 5 రూపాయలు, పన్ను కాక! విడిగా పంపితే ఇదే 20. అపార్ట్‌మెంట్‌లోనో బడిలోనో పదిమంది తల్లిదండ్రులు కలిసి ఆర్డరిస్తే ఒకే చిరునామాకు పంపి, ఆ మిగులు వాళ్ళకు తగ్గింపుగా ఇవ్వండి. పెట్టెలో పుస్తకాలను రెండు దొంతర్లుగా, ఒకదాని వెన్ను ఇటు, దాని మీదదాని వెన్ను అటు ఉండేలా పేర్చండి. వెన్నులన్నీ ఒకేవైపు ఉంటే దొంతర ఒరుగుతుంది. ఖాళీల్లో పాత పేపర్లు ఉండచుట్టి కూరండి. పెట్టె ఊపితే చప్పుడు రాకూడదు.

ఇక పేచీలు. జ్ఞాన్ పోస్ట్ విద్య, సామాజిక, సాంస్కృతిక, మతపరమైన పుస్తకాలకే. పత్రికలు చెల్లవు, ప్రకటనలున్న ప్రచురణలు చెల్లవు. పాత పిల్లల మాసపత్రికలు అమ్మేవాళ్ళు వేరే దారి చూసుకోవాల్సిందే. ముద్రాపకుల పేరో ప్రచురణకర్త పేరో పుస్తకం మీద ఉండాలి కాబట్టి ఇంట్లో ప్రింటు తీసి స్పైరల్ వేసిన వర్క్‌షీట్లు పంపకండి. ప్రేమకొద్దీ పెట్టే స్టిక్కర్లు, పెన్సిళ్ళు, చేత్తో రాసిన ఉత్తరం కూడా వద్దు. ఆ నాలుగు మాటలూ వాట్సాప్‌లో పంపండి. నవలల దగ్గర కౌంటర్‌లో సందేహం రావచ్చు, అందుకే ఒక వైపు టేపు వేయకుండా తీసుకెళ్ళి, పుస్తకం చూపించి, అక్కడే అంటించండి. టేపు చుట్ట సంచిలో ఉండాలి. పార్సిల్ మీద ‘జ్ఞాన్ పోస్ట్’ అని పెద్దగా రాసి, నోటితో కూడా చెప్పండి, లేకపోతే అలవాటుకొద్దీ స్పీడ్ పోస్ట్‌లో బుక్ చేసేస్తారు. రసీదు అక్కడే చూసుకోండి.

పల్లెల్లోని బ్రాంచి పోస్టాఫీసుల మీద ఆధారపడకండి. సబ్ పోస్టాఫీసుకో హెడ్ పోస్టాఫీసుకో వెళ్ళాలి. బెంగళూరు, చెన్నై, ముంబై చిరునామాలు తెలుగులోనే రాసి వదిలేయకండి. ఇంగ్లీషులో రాసి, పిన్‌కోడూ ఫోన్ నంబరూ విడి వరుసలో పెట్టండి. బార్‌కోడ్ స్టిక్కరుకు అరచేతంత చోటు ఖాళీగా ఉంచండి.

వేగం మాత్రం ఆశించకండి. ఇది విమానం ఎక్కదు, రోడ్డు మీదో రైల్లోనో పోతుంది. కొనేవాళ్ళకు పది రోజులని ముందే చెప్పి, రసీదు ఫొటో తీసి పంపితే రోజూ వచ్చే ‘ఎక్కడుందండీ’ ఫోన్లు తగ్గుతాయి. శనివారం పుట్టినరోజు, పుస్తకం బుధవారం అడిగారు అనుకోండి, స్పీడ్ పోస్ట్ ధర చెప్పి వాళ్ళు ఒప్పుకుంటేనే ఆర్డరు తీసుకోండి.