టోక్యో ఆసుపత్రి చర్మవిభాగం: దాదాపు మూడేళ్ల అనుభవం

విజయవాడ ఉక్కపోతలో పెరిగిన నా ఒంటికి టోక్యో చలికాలపు పొడిగాలి పడలేదు. 2023 జనవరి నాటికి మోచేతి మడతల్లోనూ మెడ మీదా ఎగ్జిమా ముదిరి, దురదతో రాత్రిళ్లు నిద్ర కరువైంది. అప్పటినుంచి దాదాపు మూడేళ్లపాటు ఇక్కడి ఒక పెద్దాసుపత్రిలోని చర్మవిభాగానికి, అంటే 'హిఫుకా'కు, వెళ్లాను. ఇదే బాధతో ఇక్కడికి వచ్చే మనవాళ్లకు పనికొస్తుందని ఆ అనుభవం రాస్తున్నాను.

ముందు డబ్బు సంగతి. ఆరోగ్యబీమా ఉన్నవారు, 70 ఏళ్లలోపైతే, ఖర్చులో 30 శాతం కడితే సరిపోతుంది. అయితే చిన్న క్లినిక్ డాక్టరు రాసిచ్చే 'షోకైజో' అనే ఉత్తరం లేకుండా ఇలాంటి పెద్దాసుపత్రికి మొదటిసారి నేరుగా వెళితే, 2022 అక్టోబరు నుంచి కనీసం 7,000 యెన్లు అదనంగా కట్టాలి. ఆ సంగతి తెలియని నేను మొదటిరోజు కౌంటరు దగ్గరినుంచే వెనక్కి వచ్చి, ఇంటి పక్క క్లినిక్‌లో చూపించుకుని, ఉత్తరం తీసుకుని పది రోజుల తరువాత మళ్లీ వెళ్లాను.

డాక్టరును కలిసే ముందు నింపవలసిన ప్రశ్నల కాగితంలో ఉత్త 'దురద' అని రాస్తే చాలదు. చర్మం పొడిబారి గరుకుగా ఉంటే కసకస, పొక్కులు లేస్తే బుత్సుబుత్సు, చురచుర మండితే హిరిహిరి, ముల్లు గుచ్చినట్టుంటే చికుచికు అని జపనీయులు అంటారు. చిమచిమ, గరగర, జివజివ అంటూ ఒంటి బాధను చప్పుళ్లతో చెప్పుకునే అలవాటు మనకూ ఉంది కాబట్టి ఈ మాటలు నాకు తొందరగానే పట్టుబడ్డాయి. టాబ్లెట్ తెరమీద కనిపించే దుబాసీ ద్వారా ఇంగ్లీషులో చెప్పినప్పుడు ఈ తేడాలన్నీ ఒకే మాటలో కలిసిపోయేవి. జపనీస్ అంతంతమాత్రంగా వచ్చినా సరే, ఈ నాలుగు మాటలు నేర్చుకుని వెళ్లమనే నా సలహా.

నా పెద్ద ఫిర్యాదు రంగు గురించి. మొదటి రెండుసార్లూ డాక్టరు ఎరుపు కోసం వెతికారు. మన చామనఛాయ మీద ఎగ్జిమా ముదిరినా చాలాసార్లు ఎర్రగా కనబడదు, ముదురు గోధుమరంగులోకో ఊదారంగులోకో తిరుగుతుంది. అది గుర్తించక, జపాన్‌లో బలాన్ని బట్టి అయిదు స్థాయులుగా విభజించే స్టెరాయిడ్ పూతమందుల్లో కింది నుంచి రెండోది రాసిచ్చారు. ఆరు వారాలు వృథాగా బాధపడ్డాను. మూడోసారి, ఒళ్లు బాగున్నప్పటి మోచేతి ఫోటోనూ, ఎగ్జిమా ముదిరాక తీసిన ఫోటోనూ ఫోనులో చూపించి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడమని అడిగాను. ఆయన చేతులతో తడిమి చూసి, ఎగ్జిమా ఎంత ముదిరిందో తెలిపే టార్క్ అనే రక్తపరీక్ష చేయించారు. పెద్దవారిలో 450 లోపు ఉండవలసిన ఆ అంకె నాకు 1,400 దాటింది. ఆ రోజే మందు మార్చారు.

అక్కడినుంచి ఆ విభాగం మీద నా గౌరవం పెరుగుతూనే వచ్చింది, ముఖ్యంగా నర్సు వల్ల. ఆమె చూపుడువేలి కొసనుంచి మొదటి గీత దాకా ఆయింట్‌మెంటు పిండి, అది సుమారు అర గ్రాము అనీ, రెండు అరచేతులంత మేరకు సరిపోతుందనీ చెప్పి, నా ముంజేతికి రాసింది. తరువాత ఒక టిష్యూ కాగితం దానిమీద అంటించి, నా చేతిని తిరగేసి పట్టుకుంది. కాగితం జారి పడలేదు. "ఇంత ఉండాలి" అంది. అప్పటిదాకా నేను దానిలో పావు వంతు కూడా రాసేదాన్ని కాదు. చర్మం నున్నబడ్డాక కూడా మందు ఒక్కసారిగా ఆపకుండా, వారానికి రెండుసార్లు రాస్తూ నెమ్మదిగా తగ్గించాలని నేర్పింది కూడా ఆమే.

ఊరినుంచి తెచ్చుకున్న ట్యూబు కూడా చూపించాను. తామరకని మన మందుల షాపుల్లో చీటీ అడగకుండా ఇచ్చే క్రీమే అది. అందులోని క్లోబెటసాల్ ఇక్కడి అయిదు స్థాయుల్లో అన్నిటికన్నా పైది. దాన్ని మెడకు నెలల తరబడి రాసుకున్నానని విని డాక్టరు కాసేపు మాట్లాడలేదు. ఊళ్లో ఉన్న మా అమ్మకు ఆ రాత్రే ఫోన్ చేసి, ఇంట్లో మిగిలిన ట్యూబులు పారేయమన్నాను.

ఇబ్బందులు లేకపోలేదు. పదిన్నర అపాయింట్‌మెంటుకు పన్నెండింటికి నంబరు పిలిచిన రోజులున్నాయి, లోపల గడిపేది అయిదు నిమిషాలే. మందుల చీటీ రాసిన రోజుతో కలిపి నాలుగు రోజులే చెల్లుతుంది, సెలవులు కూడా లెక్కలోకి వస్తాయి. ఒకసారి శుక్రవారం తీసుకున్న చీటీని మంగళవారం మందుల షాపుకు తీసుకెళ్లి, కొత్తది రాయించుకోవడానికి బీమా లేకుండా మొత్తం నేనే కట్టవలసి వచ్చింది.

గత అక్టోబరులో నా టార్క్ 380కి దిగింది. ఇక పెద్దాసుపత్రి అవసరం లేదని చెప్పి, డాక్టరు నన్ను మళ్లీ ఇంటి పక్క క్లినిక్‌కే పంపుతూ ఉత్తరం రాశారు. రోగం తిరగబెడితే ఎరుపు కోసం కాక గోధుమరంగు కోసం చూడమని అందులో ఒక వాక్యం చేర్చమని అడిగాను. ఆయన వెంటనే చేర్చి, ఆ రెండు ఫోటోలను కూడా అచ్చు వేయించి ఉత్తరానికి జతచేశారు.