ఎలక్ట్రిక్ కారు ఏసీలో గాలి తగ్గింది: ఫిల్టరా, కాయిల్ క్లీనింగా, గ్యాసా? ఏది మేలు?

ఏసీ సరిగ్గా రావట్లేదు అనగానే చాలా షాపుల్లో వచ్చే మొదటి మాట 'గ్యాస్ అయిపోయింది సార్'. ఎలక్ట్రిక్ కారుకు ఈ తొందర మంచిది కాదు. గాలి తక్కువ రావడం వేరు, వచ్చే గాలి చల్లగా లేకపోవడం వేరు. గాలి చేతికి గట్టిగా తగులుతూ వేడిగా ఉంటే గ్యాస్ గురించీ కంప్రెసర్ గురించీ మాట్లాడుకోవచ్చు. చల్లగానే ఉంది కానీ ఫ్యాన్ ఎంత పెంచినా వెనక సీటువాళ్లకు అందడం లేదంటే, ముందు చూడాల్సింది గాలి నడిచే దారిని.

ఈ కార్లలో ఇంకో చిక్కుంది. మే నెల మధ్యాహ్నం ఫాస్ట్ చార్జింగ్ పెట్టి లోపల కూర్చుంటే ఏసీ నీరసంగా అనిపించవచ్చు. బ్యాటరీకి లిక్విడ్ కూలింగ్ (ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు) ఉన్న చాలా కార్లలో బ్యాటరీని చల్లబరిచేది కూడా ఆ ఏసీ గ్యాసే. బ్యాటరీ వాటా పోగా మిగిలిందే మనకు. అప్పుడు తగ్గేది చల్లదనం, గాలి ఊపు కాదు. చార్జింగ్ ముగిసిన కాసేపటికి మామూలైపోతే దాన్ని రిపేరుగా లెక్కపెట్టొద్దు. ఎకో మోడ్‌లో ఉంచి మర్చిపోయారేమో కూడా చూసుకోండి. కొన్ని కార్లు ఆ మోడ్‌లో ఏసీని కావాలనే తగ్గిస్తాయి.

ఇంజిన్ మోత లేకపోవడం ఇక్కడ బాగా కలిసొస్తుంది. కారు నిలిపి, ఏసీ బటన్ ఆపి, ఫ్యాన్ ఒక్కటే ఒక్కో స్పీడూ పెంచుతూ వినండి. మోత పెరుగుతున్నా గాలి పెరగకపోతే దారిలో ఏదో అడ్డం ఉంది. మోతే పెరగకపోతే గాలిని తోసే బ్లోయర్ మోటార్‌నో, దాని స్పీడు మార్చే భాగాన్నో అనుమానించాలి. మాన్యువల్ ఏసీలో పై స్పీడు ఒక్కటే పనిచేసి కిందివి పోతే అది దాదాపుగా ఆ స్పీడు మార్చే భాగమే, అంటే బ్లోయర్ రెసిస్టరే. బ్లోయర్ నడిచేది మామూలు 12 వోల్టుల లైను మీదే కాబట్టి దీనికి మంచి ఆటో ఎలక్ట్రీషియన్ చాలు. డాష్‌బోర్డు లోపల టకటకమంటూ, గాలి ముఖానికి రాకుండా కాళ్ల దగ్గరికో అద్దం మీదికో పోతుంటే గాలి దారి మళ్లించే ఫ్లాప్‌ను తిప్పే చిన్న మోటార్ పాడై ఉంటుంది.

మోత ఉండి గాలి లేని కార్లలో ఎక్కువ భాగం, లోపలికి వచ్చే గాలిని వడకట్టే క్యాబిన్ ఫిల్టర్ దగ్గరే తేలిపోతాయి. చాలా కార్లలో ఇది గ్లవ్ బాక్స్ వెనక ఉంటుంది. అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా నడిపే టెస్లా మోడల్ 3, మోడల్ వైలలో ముందు ప్రయాణికుడి కాళ్ల దగ్గర, మధ్య కన్సోల్ పక్క ప్యానెల్ వెనక రెండు ఫిల్టర్లుంటాయి. వేప, కానుగ చెట్ల కింద నిలిపే కారైతే ఫిల్టర్ తీయగానే సగం చెట్టు ఒళ్లో పడుతుంది. అపార్ట్‌మెంట్ సెల్లార్లలో ఎలుకలు ఇందులో కాపురం పెట్టడమూ మామూలే. ముందు అద్దం కింద గాలి లోపలికి వెళ్లే జాలీలో ఆకులు పేరుకున్నాయేమో కూడా చూడాలి.

ఒక చిన్న పరీక్ష ఉంది, ఖర్చు లేనిది. ఫిల్టర్ బయటికి తీసి, ఒక్క నిమిషం ఫ్యాన్ ఫుల్ స్పీడులో పెట్టండి. గాలి ఒక్కసారిగా పెరిగితే దొంగ దొరికినట్టే, ఇంకెక్కడా డబ్బు పెట్టక్కర్లేదు. అలాగని ఫిల్టర్ లేకుండానే తిరగొద్దు. ఆ దుమ్మంతా వెళ్లి, గాలిని చల్లబరిచే కూలింగ్ కాయిల్‌కు పడుతుంది.

పాత ఫిల్టర్‌కు ఎయిర్ కొట్టించి మళ్లీ పెట్టడం మేలా, కొత్తది కొనడం మేలా? నేనైతే కొత్తదే అంటాను. ఎయిర్ ప్రెషర్‌కు పైదుమ్ము పోతుంది, లోపలి పొరల్లో ఇరుక్కున్న సన్నదుమ్ము పోదు. పైగా పొర చిరిగే ప్రమాదం. మామూలు ఫిల్టర్ చాలా కార్లకు కొన్ని వందల్లో వస్తుంది. కార్బన్ ఫిల్టర్ ఖరీదెక్కువ, డీజిల్ పొగ వాసనను బాగా ఆపుతుంది, కానీ సాధారణంగా గాలిని కొంచెం ఎక్కువ అడ్డుకుంటుంది. రోజూ హైదరాబాద్ ట్రాఫిక్‌లో లారీల వెనక వెళ్లేవాళ్లకు కార్బనే మంచిది, సమయానికి మార్చే ఓపిక ఉంటే. అసలు ఫిర్యాదే గాలి చాలట్లేదని అయితే మామూలుది వేసి, ఏటా ఎండాకాలానికి ముందు మార్చుకోవడం నయం. దేనికైనా ఫిల్టర్ మీది బాణం గుర్తు గాలి వెళ్లే వైపుకే ఉండాలి. ఈ పనికి సర్వీస్ సెంటర్‌లో లేబర్ ఇవ్వడం నాకు దండగనిపిస్తుంది.

ఫిల్టర్ తీసినా గాలి పెరగలేదా, బ్లోయర్ మోత బాగానే ఉందా? అప్పుడు కాయిల్. ఏసీ నడుస్తున్నంతసేపూ కాయిల్ తడిగా ఉంటుంది, ఫిల్టర్ దాటిన దుమ్ము దాని రెక్కల మధ్య బురదలా పట్టేస్తుంది. ఫోమ్ స్ప్రే చౌక, తొందరగా అయిపోతుంది. ముక్కిపోయిన వాసనకు, పలచటి పొరకు అది పనికొస్తుంది. గట్టిపడిన మురికిని అది కదిలించలేదు. డాష్‌బోర్డు విప్పి కడిగితే పూర్తిగా శుభ్రమవుతుంది గానీ, గ్యాస్ లైన్లు విప్పాలి, బిల్లు పెద్దది, తర్వాత డాష్‌బోర్డు గలగలలాడే అవకాశమూ ఉంది. పైగా కొన్ని ఎలక్ట్రిక్ కార్లలో హై వోల్టేజ్ హీటర్ కూడా కాయిల్ ఉండే పెట్టెలోనే ఉంటుంది. ఆరెంజ్ రంగు వైర్లు (హై వోల్టేజ్‌వి) కనిపించే చోట ట్రైనింగ్ లేని చేతులు వద్దు. కాబట్టి విప్పడానికి ఒప్పుకునే ముందు సన్న కెమెరా లోపలికి పంపి కాయిల్ చూపించమనండి.

ఇక గ్యాస్. గాలి తగ్గడానికి గ్యాస్ కారణమయ్యే సందర్భం ఒకటుంది. బయల్దేరినప్పుడు గాలి బాగుండి, కొంతసేపటికి సన్నగిల్లి, ఏసీ ఆపి ఉత్త ఫ్యాన్ తిప్పితే మళ్లీ వస్తోందంటే కాయిల్ మీద మంచు గడుతోంది. గ్యాస్ తగ్గినా, టెంపరేచర్ సెన్సర్ పోయినా, ఫిల్టర్ మూసుకుపోయినా అలా జరుగుతుంది. అంటే ఇక్కడా ముందు ఫిల్టరే.

గ్యాసే అని తేలినా మామూలు షాపులో ఎక్కించుకోవడం నాకు ఇష్టం లేదు. గ్యాస్‌తో పాటు తిరుగుతూ కంప్రెసర్ అరగకుండా చూసే ఆయిల్ ఒకటుంటుంది. ఇంజిన్ కార్ల ఏసీల్లో అది ఎక్కువగా పీఏజీ అనే రకం. చాలా ఎలక్ట్రిక్ కంప్రెసర్లకు కరెంటు పారనివ్వని పీఓఈ రకం ఆయిలే కావాలి. వేరే కార్లకు వాడిన గ్యాస్ ఎక్కించే మెషీన్‌లోని పీఏజీ కాస్త కలిసినా ఇన్సులేషన్ దెబ్బతింటుంది, కారు హై వోల్టేజ్ వార్నింగ్ చూపించి మొరాయించవచ్చు. కొన్ని వందలు మిగుల్చుకోబోయి కంప్రెసర్ మార్చుకునే బేరం ఇది. వారంటీ ఉంటే సర్వీస్ సెంటర్‌కే వెళ్లండి. లేకపోతే, గ్యాస్ మెషీన్ తగిలించకముందే అందులో ఏ ఆయిల్ వాడుతున్నారో, లీకు ఎక్కడుందో చూశారో లేదో అడగండి. ఈ రెండింటికీ సూటిగా జవాబు రాకపోతే బండి బయటికి తీసుకురండి.