సిఫారసు లేఖ: చిత్తుప్రతి ఇవ్వాలా, వివరాల కాగితం ఇవ్వాలా?

ఎంబీఏ దరఖాస్తుకు లేఖ అడగగానే చాలామంది పై అధికారులు అనే మాట ఒకటే: "నువ్వే రాసి తీసుకురా, సంతకం పెడతాను." పని తొందరగా తెమిలిపోతుంది, నిజమే. కానీ చాలా బిజినెస్ స్కూళ్లు దీన్ని ఒప్పుకోవు. పైగా మన వ్యాసాల్లోని గొంతే లేఖలోనూ వినిపిస్తే చదివేవారికి అనుమానం రాకుండా ఉంటుందా?

రెండో దారి, లేఖ రాసే అధికారికి ఒకటి రెండు పేజీల వివరాల కాగితం ఇవ్వడం. కలిసి చేసిన ప్రాజెక్టులు, వాటిలో మన వంతు, ఫలితాల అంకెలు, గడువు తేదీ. పొగడ్తలు అక్కరలేదు, అవి ఆయన చూసుకుంటారు.

తేడా ఎక్కడ బయటపడుతుందంటే, జీమ్యాట్ పరీక్ష నడిపే జీమ్యాక్ సంస్థ తయారుచేసిన, అనేక స్కూళ్లు వాడే ఉమ్మడి సిఫారసు పత్రంలో. అదే తరహా ఉద్యోగాల్లోని ఇతర సమర్థులతో పోలిస్తే అభ్యర్థి పనితీరు ఎలా ఉందని అందులో అడుగుతారు. దానికి జవాబు మన దగ్గర ఉండదు. పదిమందితో పని చేయించిన అధికారికే తెలుస్తుంది. అధికారి ఇచ్చిన అతి ముఖ్యమైన సలహాపూర్వక విమర్శ ఏమిటి, అభ్యర్థి ఎలా స్పందించారనేది మరో ప్రశ్న. సొంతంగా రాసుకునేవారు ఇక్కడ "మరీ ఎక్కువ కష్టపడతాడు" లాంటి తీపి లోపమే రాసుకుంటారు. కాగితంలో మాత్రం ఆయన నిజంగా మందలించిన సందర్భాన్ని గుర్తుచేస్తే చాలు.

అయినా చిత్తుప్రతే కావాలని ఆయన పట్టుబడితే మరో అధికారిని అడగడం మేలు, హోదా కాస్త తక్కువైనా సరే.