పాత ఫారెస్టర్ ఆటోమేటిక్‌కి లాక్ స్విచ్ పెట్టి ఆరేళ్ళు వాడాక

లాక్ అంటే తలుపులది కాదు, ముందు చక్రాలనీ వెనక చక్రాలనీ ఒకటిగా కలిపేసే లాక్. వేలెడంత స్విచ్, ఒక రిలే (కరెంటు ఇస్తే తనే మారే స్విచ్), ఒక రెసిస్టర్, నాలుగు మూరల వైరు, అంతే సరుకు. పెట్టి ఆరేళ్ళయింది, బండి అప్పట్నుంచి 70 వేల కిలోమీటర్ల పైనే తిరిగింది, అందులో ఈ స్విచ్ ఆన్‌లో ఉన్నది మహా అయితే ఒక 300 ఉంటాయేమో, వాటిలో కూడా ఓ 40 నేను మర్చిపోయి నడిపినవే, ఆ సంగతి కింద చెప్తా.

బండి సుబారు ఫారెస్టర్, మొదటి తరం, 2001 మోడల్, నాలుగు గేర్ల ఆటోమేటిక్. మాన్యువల్ ఉన్నవాళ్ళకి ఇది పనికిరాదు, ఎందుకంటే మాన్యువల్‌లో విస్కస్ కప్లింగ్ (చిక్కటి ద్రవంతో పట్టుకునే జోడింపు) ఉన్న సెంటర్ డిఫరెన్షియల్, అంటే ముందూ వెనకా శక్తి పంచుతూ వేర్వేరు వేగాల్లో తిరగనిచ్చే గేర్ల అమరిక, ఉంటుంది, దానికి కరెంటు వైరే పోదు, ఇంక స్విచ్ ఎక్కడ పెడతారు. నా ఆటోమేటిక్‌లో అయితే అసలు సెంటర్ డిఫ్ అనేదే లేదు (చాలామందికి ఇది తెలీదు, నాకూ కొన్న మూడేళ్ళ దాకా తెలీదు). ఇంజన్ శక్తి ముందు చక్రాలకి నేరుగా పోతుంది, వెనక చక్రాలకి మాత్రం గేర్ బాక్స్ తోక భాగంలో ఉన్న క్లచ్ ప్లేట్ల కట్ట మీదుగా పోతుంది. ఆ ప్లేట్లు ఎంత బిగియాలో ఆయిల్ ప్రెషర్ చూసుకుంటుంది, ఆ ప్రెషర్‌ని డ్యూటీ సి అనే సోలినాయిడ్ (కరెంటుతో పనిచేసే వాల్వు) చూసుకుంటుంది, దాన్ని టీసీయూ అంటే గేర్ బాక్స్ కంప్యూటర్ ఆడిస్తుంది. తమాషా ఏంటంటే మనం అనుకునేదానికి రివర్స్, సోలినాయిడ్‌కి కరెంటు బాగా ఇస్తే ప్లేట్లు వదులైపోయి బండి ముందు చక్రాల మీదే నడుస్తుంది, కరెంటు తీసేస్తే పూర్తిగా బిగుసుకుని ముందూ వెనకా ఒకటైపోతాయి. కాబట్టి లాక్ కావాలంటే కొత్తగా ఏదీ తగిలించక్కర్లేదు, ఆ ఒక్క వైరు తెంపితే చాలు.

మరి ఎందుకు తెంపడం, బండే చూసుకుంటుంది కదా అంటే, చూసుకుంటుంది, కాకపోతే కొంచెం లేటుగా. తడిసిన బంకమట్టి ఎక్కుడులో గానీ ఇసుకలో గానీ ముందు చక్రాలు రెండు మూడు చుట్లు తిరిగి గుంట తవ్వుకున్నాక వెనక నుంచి సాయం వస్తుంది, తారు రోడ్డు మీద ఆ ఆలస్యం తెలీనే తెలీదు గానీ ఇసుకలో ఆ రెండు చుట్లకే బండి కూర్చుంటుంది. గేర్ లివర్ 1 లో పెడితే టీసీయూ తనంతట తానే ప్లేట్లు ఎక్కువ బిగిస్తుంది, కొన్నాళ్ళు దాంతోనే నెట్టుకొచ్చా, అయితే రివర్స్‌లో ఆ సుఖం లేదు, ఇరుక్కున్న బండి బయటపడాల్సింది ఎక్కువగా రివర్స్‌లోనే కదా.

మొదట పిల్లచేష్ట లాగా టీసీయూ దగ్గర వైరు కట్ చేసి మధ్యలో మామూలు స్విచ్ పెట్టా. పనిచేసింది. కానీ సోలినాయిడ్ కనపడట్లేదని టీసీయూ ఎర్రర్ రాసుకునేది, మర్నాడు స్టార్ట్ చేస్తే ఏటీ ఆయిల్ టెంప్ (గేర్ బాక్స్ ఆయిల్ వేడి) లైటు వరసగా మిణుకు మిణుకు. అది రోజూ వెలిగితే నిజంగా గేర్ బాక్స్‌లో ఏదన్నా వచ్చినా పట్టించుకోం, అందుకని టీసీయూని మభ్యపెట్టడానికి రెసిస్టర్ పెట్టా. సోలినాయిడ్‌ని మీటర్‌తో చూస్తే 13 ఓమ్స్ వచ్చింది, దగ్గర్లో ఉంది కదాని 12 ఓమ్స్‌ది, 5 వాట్స్ తెల్ల సిరామిక్ ముక్క తెచ్చి కార్పెట్ కింద దోపేశా. లెక్క చూసుకోలేదు, తప్పు నాదే. ఇంజన్ నడుస్తుంటే 14 వోల్టులు, 14 ని 14 తో గుణించి 12 తో భాగిస్తే 16 వాట్స్ పైమాటే. పది నిమిషాల్లో కాలిన వాసన. ఇప్పుడున్నది 50 వాట్స్‌ది, అల్యూమినియం ఒంటిది, డాష్ కింద ఇనప బ్రాకెట్‌కి బోల్టు వేసి బిగించా, వేడెక్కినా చెయ్యి పెట్టి ఉంచగలిగేంతే. స్విచ్‌కి బదులు రిలే పెట్టా, కాయిల్‌కి కరెంటు లేనప్పుడు వైరు కంపెనీ వాడిది ఎలా ఉందో అలాగే కలిసి ఉంటుంది, స్విచ్ నొక్కితే టీసీయూ కరెంటు రెసిస్టర్‌లోకి మళ్ళుతుంది, సోలినాయిడ్ ఖాళీ. వైరు రంగు ఇక్కడ రాయను, ఏడాదికీ మోడల్‌కీ మారుతుంది, మీ బండి వైరింగ్ డయాగ్రం చూసే తెంపండి.

ఇక వాడకం. బాగా ఉపయోగపడింది ఇసుకలో కదిలేటప్పుడు, రివర్స్‌లో తడి గడ్డి ఎక్కేటప్పుడు, గులకరాళ్ళ ఎక్కుడు మీద ఆగి మళ్ళీ బయల్దేరేటప్పుడు. చక్రం జారకముందే వెనకది తోస్తుంది, తేడా అంతా అదే, ఇంజన్ బలం ఏమీ పెరగదు. కానీ దీన్ని చూసుకుని జీపులతో పోటీకి పోకండి. ముందు డిఫ్ ఓపెన్, అంటే ఎడమ కుడి చక్రాల్లో జారేదాన్ని ఊరికే తిరగనిస్తుంది, నా బండికి వెనకది కూడా ఓపెనే, ఎదురు మూలల్లో ముందొక చక్రం వెనకొక చక్రం గాల్లోకి లేచాయంటే ఆ రెండే హాయిగా తిరుగుతాయి, లాక్ ఉన్నా బండి అంగుళం కదలదు. అలాంటి చోట నన్ను రెండుసార్లు తాడుతోనే లాగారు. నిజం చెప్పాలంటే రెండో ఏడు మంచి గ్రిప్ టైర్లు వేశాక వచ్చిన తేడా ఈ స్విచ్ ఇచ్చినదానికంటే ఎక్కువే.

టైర్లంటే గుర్తొచ్చింది. ఒక టైరు పక్క గోడ చీరుకుపోతే ఆ ఒక్కటే కొత్తది వేయించా, మిగతా మూడూ సగం అరిగినవి. నాలుగింటి చుట్టుకొలత తేడా పావు అంగుళం అంటే ఆరు మిల్లీమీటర్లు దాటకూడదని సుబారు వాళ్ళు చెప్తారు. కొత్తదాని ట్రెడ్ పాతవాటికంటే 4 మిల్లీమీటర్లు లోతు, చుట్టుకొలతలో చూస్తే 25 వచ్చింది. అంటే తిన్నగా పోతున్నా ఆ ప్లేట్లు రోజంతా ఒకదాన్నొకటి రాసుకుంటూనే ఉన్నాయి. రెండు నెలల్లో పార్కింగ్‌లో స్టీరింగ్ పూర్తిగా తిప్పితే బండిని ఎవరో వెనక నుంచి పట్టుకున్నట్టు, టైర్లు గెంతుతున్నట్టు. దీన్నే టార్క్ బైండ్ అంటారు. బానెట్ కింద ఎఫ్‌డబ్ల్యూడీ (ముందు చక్రాల నడక) అని ఖాళీ ఫ్యూజు హోల్డర్ ఉంటుంది, అందులో ఫ్యూజు పెడితే టీసీయూ వెనక చక్రాలని పూర్తిగా వదిలేస్తుంది, అలా పెట్టి చూస్తే బైండ్ మాయం, అంటే ప్లేట్లు వదలగలుగుతున్నాయి, విప్పక్కర్లేదు అని ధైర్యం వచ్చింది. నాలుగు టైర్లూ ఒకేసారి మార్చి, ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్) మూడు విడతలుగా మార్చా, మొత్తం తొమ్మిది లీటర్ల పైన పడుతుంది కానీ ప్లగ్ విప్పితే సగం కూడా రాదు, అందుకే విడతలు. మొదటిసారి దిగిన ఆయిల్ కాఫీ డికాక్షన్ లాగా ఉంది. ఇంకో మాట, ముందు డిఫ్‌కి గేర్ ఆయిల్ వేరుగా ఉంటుంది, దాని ప్లగ్ కూడా అక్కడక్కడే ఉంటుంది, ఒకటనుకుని ఇంకోటి విప్పేసి ఏటీఎఫ్ ఓవర్‌ఫిల్ చేసుకునేవాళ్ళు బోలెడు.

మర్చిపోయిన సంగతి. మూడో ఏడు మట్టి దారి దాటాక స్విచ్ తీయలేదు, నేరుగా తారు రోడ్డెక్కి 40 కిలోమీటర్లు, చివర్లో మలుపుల మీద మలుపులు. స్టీరింగ్ బరువుగా ఉందనిపించింది, టైర్లో గాలి తక్కువేమో అనుకున్నా. మలుపులో ముందు చక్రాలు ఎక్కువ దూరం తిరగాలి, లాక్‌లో ఉంటే వెనకవాటితో సమానంగానే తిరుగుతాయి, ఆ తేడా అంతా టైరైనా జారి తీర్చుకోవాలి, లేదా ఇనుమైనా మోయాలి. వారం తర్వాత గేర్ వేస్తే కింద టక్కుమని శబ్దం, ప్రొపెల్లర్ షాఫ్ట్ (గేర్ బాక్స్ నుంచి వెనక చక్రాలకి శక్తి మోసే కడ్డీ) యూ జాయింట్, అంటే దాని మడత కీలు, వదులైంది. అప్పటికే అరిగి ఉందేమో, ఆ 40 కిలోమీటర్లు చివరి దెబ్బ కొట్టింది. ఈ బండిలో యూ జాయింట్లకి సర్‌క్లిప్ (ఊడదీయగలిగే రింగు) ఉండదు, అంచులు నొక్కి బిగించేసి ఉంటాయి, జాయింట్ ఒక్కటీ మార్చే వీల్లేక షాఫ్టే మార్చా. ఆ తర్వాత ఒక టైమర్, బజర్ కలిపా, లాక్ వేసిన మూడు నిమిషాలకోసారి కీచుమంటుంది, చిరాగ్గా ఉంటుంది, ఉండాలనే పెట్టా. లాక్ ఉండగా ఏబీఎస్ మీద కూడా నమ్మకం పెట్టుకోకండి, ముందూ వెనకా కలిసి తిరుగుతుంటే ఏ చక్రం ఆగిపోతుందో దానికి సరిగ్గా అర్థం కాదు. 40 స్పీడ్ దాటితే నేను తీసేస్తా.

అన్నిటికంటే నన్ను తిప్పలు పెట్టింది మాత్రం ఐదో ఏడు. స్విచ్ ఆఫ్‌లోనే ఉంది, మళ్ళీ బైండ్. పాత అలవాటుగా ఫ్యూజు పెట్టి చూశా, పోలేదు. ఫ్యూజు పెట్టినా వదలట్లేదంటే ప్లేట్లు తిరిగే డ్రమ్ములో గాడులు పడ్డాయని, గేర్ బాక్స్ తోక విప్పాలని అందరూ చెప్పేదే, మెకానిక్ అన్న కూడా అదే అన్నాడు, బండి లిఫ్ట్ మీద ఎక్కించేశాం కూడా. ఎందుకో ఆయిల్ దించేముందు ఏటీ ఆయిల్ టెంప్ లైటు మిణుకుతోందని గమనించా, ప్లేట్లే అతుక్కుపోతే ఆ లైటు రావక్కర్లేదు కదా, టీసీయూకి సోలినాయిడ్ కనపడనప్పుడు కదా అది వచ్చేది అని తట్టింది. డాష్ కింద చూస్తే నా రిలే. తేమకి కాంటాక్ట్ నల్లబడి, స్విచ్ ఆఫ్‌లో కలిసి ఉండాల్సిన దారి తెగిపోయింది, సోలినాయిడ్‌కి కరెంటే పోవట్లేదు, ఇంక ఫ్యూజు పెడితే మాత్రం ఏం లాభం, టీసీయూ మాట కింది దాకా చేరితే కదా. కాయిల్ పోతే పరవాలేదని డిజైన్ చేశానే గానీ కాంటాక్ట్ పోతే ఏంటని ఆలోచించలేదు.

ఇప్పుడు మూత బిగుతుగా ఉన్న సీల్డ్ రిలే పెట్టా, దాని రెండు పక్కలా కనెక్టర్లు వేశా, అనుమానం వస్తే నా సరంజామా మొత్తం ఊడబీకి ఆ రెండు కనెక్టర్లనీ ఒకదాంట్లో ఒకటి గుచ్చితే బండి పుట్టినప్పటి వైరింగ్‌కి వచ్చేస్తుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్ళేముందు మొదట చేసే పని అదే.