100 ఐసీకి 160 ఎన్‌సీ: రూపాయిని కట్టేయడం మేలా, వదిలేయడం మేలా?

2022లో విదేశీ అప్పులు కట్టలేక శ్రీలంక చేతులెత్తేసినప్పటి నుంచీ ఇదే ప్రశ్న. నేపాల్ తన రూపాయిని మన రూపాయికి కట్టేసుకుంది, అంటే మారకం రేటు కదలకుండా బిగించుకుంది, శ్రీలంక కట్టుకోలేదు, రెండింట్లో ఏది మేలు? ఇన్నాళ్లూ "దేని లాభనష్టాలు దానివి" అని గోడ మీద పిల్లిలా కూర్చున్నాను. ఇక దిగుతున్నాను. నా ఓటు నేపాల్‌కే. అయితే అక్కడ రేటు 30 ఏళ్లకు పైగా కదల్లేదన్నందుకు కాదు.

బీహార్ సరిహద్దులోని రక్సౌల్ దాటి నేపాల్ ఊరు బీర్‌గంజ్‌లో అడుగుపెడితే ధర చెప్పాక వచ్చే ప్రశ్న, "ఐసీయా, ఎన్‌సీయా?" ఐసీ అంటే ఇండియన్ కరెన్సీ, ఎన్‌సీ అంటే నేపాలీ. 100 ఐసీకి 160 ఎన్‌సీ, నోటి లెక్కే. నేపాల్ రాష్ట్ర బ్యాంకు (అది వాళ్ల కేంద్ర బ్యాంకు, మన రిజర్వ్ బ్యాంకు లాంటిది) 100 ఐసీ కొనేది 160కి, అమ్మేది 160 రూపాయల 15 పైసలకి. 1993 ఫిబ్రవరి నుంచి ఇదే వరస.

అంతకుముందు మాత్రం ఇంత ప్రశాంతంగా లేదు. 1960లో మొదట కట్టింది కూడా 160కే. 1966 జూన్‌లో మనం రూపాయి విలువ తగ్గించాం. డాలరు 4.76 నుంచి 7.50 అయింది. నేపాల్ మాత్రం మేం తగ్గించం అంది. దాంతో 100 ఐసీకి వచ్చే 160 కాస్తా 101 అయింది. తరాయిలో, అంటే మన సరిహద్దు పక్కనున్న నేపాల్ మైదానంలో, ధాన్యం పండించి ఇటువైపు అమ్ముకునే రైతుని తలుచుకోండి. అవే బస్తాలు, అదే 100 ఐసీ, ఇంటికెళ్లి మార్చుకుంటే 59 రూపాయలు తక్కువ! ఏడాదిన్నర ఆ పంతం నడిచింది. 1967 డిసెంబరులో నేపాల్ కూడా దిగొచ్చి 135 చేసింది. ఆ తర్వాత 139, 145, 1980ల మధ్యలో 170 దాకా వెళ్లి, చివరికి మళ్లీ 160. 33 ఏళ్లు తిరిగి బయల్దేరిన చోటికే చేరింది.

(ఇలాంటి పంతమే 1949లో పాకిస్తాన్ పట్టింది. మనం తగ్గించినా వాళ్లు తగ్గించలేదు, వాళ్ల 100 మన 144 అయింది. ఆ రేటు మేం ఒప్పుకోం అని మనం మొండికేశాం. వ్యాపారం ఆగిపోయి, తూర్పు బెంగాల్ జనపనార అందక కలకత్తా మిల్లులు అవస్థ పడ్డాయి. 1955లో వాళ్లూ తగ్గించారు.)

ఇక శ్రీలంక. 1966 దాకా సిలోన్ రూపాయి, మన రూపాయి సమానంగానే నడిచాయి. తర్వాత దారులు వేరయ్యాయి. 2001లో తమ రూపాయిని మార్కెట్‌కి వదిలేశామని వాళ్లు ప్రకటించారు. కానీ 2021 చివర్లో చూస్తే డాలరుని 200, 203 మధ్య బిగబట్టి ఉంచారు. ఆ లెక్కన మన రూపాయికి వాళ్లవి సుమారు 2.70. బోర్డు మీద అంకె బాగానే ఉంది, బ్యాంకులోనే డాలర్లు లేవు. బయట ఎక్కువ ఇస్తుంటే గల్ఫ్‌లో ఉన్న శ్రీలంకవాళ్లు బ్యాంకులో ఎందుకు వేస్తారు? ఉండియల్‌లో, అంటే మనం హవాలా అంటామే ఆ దారిలో, పంపారు. బ్యాంకులు ఇంకా ఎండిపోయాయి. 2022 మార్చిలో పట్టు వదిలారు. ఏప్రిల్ 12న విదేశీ అప్పులు ఇప్పట్లో కట్టలేమన్నారు. మే నాటికి డాలరు 360 ప్రాంతానికి, మన రూపాయి 4.60కి చేరాయి.

కాబట్టి కట్టేశారా, వదిలేశారా అన్నది కాదు నేను చూసేది. బోర్డు మీది రేటుకి, అడిగినవాడికి డబ్బు దొరుకుతోందా? నేపాల్‌లో దొరుకుతోంది. వాళ్ల రాష్ట్ర బ్యాంకు ఏటా డాలర్లు అమ్మి ఐసీ కొంటుంది. ఆ డాలర్లు చాలావరకు గల్ఫ్, మలేసియాల నుంచి నేపాలీలు ఇంటికి పంపినవి. ఆ పంపకాలు వాళ్ల జీడీపీలో సుమారు నాలుగో వంతు. 160ని మోస్తున్నది నిజానికి ఖాట్మండు కాదు, దోహా ఎండలో పనిచేసే కుర్రాళ్లు.

దీనికీ ఖరీదుంది. డాలరు ముందు మన రూపాయి పడితే వాళ్లదీ పడుతుంది, తప్పు వాళ్లది కాకపోయినా. 1993లో డాలరుకి 50 దగ్గర ఉన్న నేపాలీ రూపాయి 2022 చివరికి 130 దాటింది. వడ్డీ రేట్లు మార్చాలన్నా ముంబైలోని మన రిజర్వ్ బ్యాంకు వైపు ఓ కన్ను వేసి ఉంచాల్సిందే. ఇక 2016 నవంబరు నోట్ల రద్దు సంగతి. నేపాల్ ఇళ్లలో, బ్యాంకుల్లో ఉండిపోయిన పాత 500, 1000 నోట్లు మార్చివ్వమంటే మాటలు జరిగాయి, పని జరగలేదు. రేటు చెక్కుచెదరలేదు, నోటే చెల్లలేదు. నా కొలతతోనే చూస్తే ఇక్కడ నేపాల్‌కి మార్కులు పోతాయి, పోగొట్టింది మనం. 2018 చివర్లో వాళ్లు 100కి మించిన ఐసీ నోట్లు వద్దన్నారంటే నాకు ఆశ్చర్యం వేయలేదు.

శ్రీలంకకీ ఇవ్వాల్సిన మార్కులు ఇవ్వాలి. నిజంగా వదిలేశాక వాళ్ల రూపాయి అక్కడే పడి ఉండలేదు. 2024 చివరికి డాలరు 290ల్లోకి దిగింది, మన రూపాయి 3.40 దగ్గరికి వచ్చింది.

భూటాన్ అయితే 1974 నుంచి ఒకటికి ఒకటి, మన నోట్లే అక్కడా చెల్లుతాయి. 2012లో ఐసీ కొరత వచ్చి కంగారుపడ్డారు, అంతే. బంగ్లాదేశ్ టాకా కథ వేరు, ఇక్కడ కలపను.

"అయితే శ్రీలంక కూడా మన రూపాయికే కట్టేసుకుంటే పోయేదిగా?" అని తర్వాతి ప్రశ్న వస్తుందని తెలుసు. నేపాల్ వ్యాపారంలో ఎక్కువ భాగం మనతోనే, పైగా సరిహద్దు తెరిచే ఉంటుంది. శ్రీలంక కుట్టిన బట్టలు పోయేది అమెరికాకి, యూరప్‌కి. తీర్చాల్సిన విదేశీ అప్పు ఎక్కువగా డాలర్లలో. "ఐసీయా, ఎన్‌సీయా?" అని అడిగే కొట్టు కొలంబోలో లేదు.