వేలిముద్రా, మాస్క్‌డ్ ఆధారా?

ప్రభుత్వ సేవల్లో మనిషిని నిర్ధారించడానికి వేలిముద్ర తీసుకోవాలా, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌పై క్యూఆర్ కోడ్ సరిచూస్తే సరిపోతుందా?

ఖర్చు: మొదటిదానికి స్కానర్, నెట్‌వర్క్ కావాలి, రెండోదానికి ఫోన్ చాలు.

శ్రమ: కూలిపనితో గీతలు అరిగిన వేళ్లను యంత్రం గుర్తించకపోవచ్చు.

ముప్పు: రిజిస్ట్రేషన్ దస్తావేజుల్లోని వేలిముద్రలకు నకళ్లు చేసి ఖాతాలు ఖాళీ చేసిన మోసాలు బయటపడ్డాయి, పాస్‌వర్డ్‌ను మార్చుకోగలం గాని వేలిని మార్చుకోలేం కనుక, ఆధార్‌లో వేలిముద్ర వాడకాన్ని ఆపివేసే బయోమెట్రిక్ లాక్ వేసి ఉంచుకుని అవసరమైనప్పుడే తీయడం మేలు. క్యూఆర్‌లో డిజిటల్ సంతకం ఉన్నందున దిద్దుబాట్లు దొరికిపోతాయి, అయితే ముఖాన్ని ఫోటోతో పోల్చవలసింది ఉద్యోగే, అలసత్వం వచ్చేది కూడా అక్కడే.

నెలనెలా అందే రేషన్, పింఛనులకు, ఓటీపీ వంటి ప్రత్యామ్నాయం ఉన్నంతవరకు, వేలిముద్రే తగినది. హాస్టల్ ప్రవేశాలకు, సాధారణ దరఖాస్తులకు క్యూఆర్ చాలు. పూర్తి నంబరున్న జిరాక్సు అడగడం అనవసరం.